స్టేషన్ ఉన్న ఘన్‌పూర్

నాకు ఒక ఊరంటే కుళ్లు. మనుషుల మీద కుళ్లుకునేవాళ్లను మీరు చూసే ఉంటారు. నాది మాత్రం ఊరి మీద. స్టేషన్ ఘన్‌పూర్ అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. మా భూపాలపల్లి జిల్లాలో కూడా ఒక ఘన్‌పూర్ ఉంది. దానికి రైలు స్టేషన్ లేదు. మా అదృష్టం అట్లా ఏడ్చింది.

ఆ స్టేషన్ ఉన్న ఘన్‌పూర్ నా భార్యను నా దగ్గర ఉండనివ్వడం లేదు. పెళ్లయి రెండేళ్లు దాటింది. మనీషా పండుగలకు వస్తుంది, శనివారాలు వస్తుంది, సోమవారం తెల్లారకముందే చిట్యాలలో పరకాల బస్సు ఎక్కేస్తుంది. "ఏమయ్యా, నీ పెండ్లాం మీ ఇంటికి చుట్టమా?" అని ఊళ్లోవాళ్లు అడుగుతారు. అడిగేవాళ్లకేం, నోరుంది. ఆమె వచ్చి మా ఇంట్లో ఉండాలి. నాకు కావలసింది ఇంతే.

మనీషా చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో ఎవడో మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటాడు. అక్కడి డాక్టరు ఏం చూశాడో, ఏం చేశాడో రాస్తాడు. అది చదివి, ఏ రోగానికి ఏ నంబరు, ఏ వైద్యానికి ఏ నంబరు అని వేస్తేనే వాడి ఇన్సూరెన్సు కదులుతుంది. ఆ నంబర్లు వేసేది ఘన్‌పూర్‌లో మా మామ ఇంటి మేడ మీది గదిలో కూర్చున్న నా భార్య. హన్మకొండలో బీఎస్సీ చదివింది, ఈ పని నేర్చుకుంది, హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది. ఇంటి నుంచే పని. ఎప్పుడైనా ఆఫీసుకు రమ్మంటే పొద్దటి రైలుబండి ఎక్కి, సాయంత్రం బండికి ఇల్లు చేరుతుంది. నాకు పత్తి ఉంది, మిర్చి ఉంది, సొంత ట్రాక్టరుంది, బీకాం డిగ్రీ ఉంది. ఆ బండి ఒక్కటే లేదు.

పెళ్లిచూపుల్లో ఆమె నన్ను అడిగింది ఒకే ఒక మాట.

"మీ ఊర్లె నెట్ ఎట్లుంటది?"

"మస్తుంటది" అన్నాను. అంత చక్కటి పిల్ల ఎదురుగా కూర్చుని ఉంటే ఏ పెళ్లికొడుకు తన ఊరిని తక్కువ చేసి చెప్తాడు? పైగా అది పూర్తి అబద్ధం కూడా కాదు. మా దొడ్లో గడ్డివాము ఎక్కితే ఫోన్ బాగానే పలికేది.

పెళ్లయ్యాక ఆమె ఆ గడ్డివాము పక్కనే కుర్చీ వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. లైను వస్తూ పోతూ ఉంది. మధ్యాహ్నానికి సంచి సర్దుకుంది.

"బావా, నెట్ వచ్చినంక పిలువు. వస్త" అంది.

కోపంగా అన్నా బాగుండేది. చాలా మామూలుగా అంది.

ఇక చూడండి నా తిరుగుడు. చిట్యాలలో కేబుల్ వేసే ఆయన మా ఊరిదాకా వైరు లాగాలంటే గిరాకీ ఉండాలన్నాడు. "నీ ఒక్కనికోసం గుంజుతనా అన్నా? పది ఇండ్లు చూపియ్యి" అన్నాడు. ఇల్లిల్లూ తిరిగాను. ఓట్లప్పుడు కూడా ఎవరూ అంతగా తిరిగి ఉండరు. ఒకరికి పిల్లల చదువన్నాను, ఒకరికి క్రికెట్ అన్నాను, ఆడవాళ్లకు సీరియళ్లన్నాను. సమ్మయ్య తాత మాత్రం నలుగురిలో కడిగేశాడు. "నీ పెండ్లాం నీకాడ ఉండెతందుకు నేను బిల్లు కట్టాల్నారా?" ఉన్న మాటే. ఆయన చేను ట్రాక్టరుతో ఊరికే దున్నిపెట్టి ఒప్పించాను.

వైరు వచ్చింది. వెనకాలే కోతులు వచ్చాయి. మా ఊరి కోతులు పత్తికాయ మీద, ఇంటి పెంకుల మీద విసుగెత్తి, ఆ నల్ల తీగ పట్టుకుని ఊగడం మొదలుపెట్టాయి. గులేరులో రాయి పెట్టి పట్టుకుని స్తంభాల వెంట తిరిగాను. మిరపతోటకు కూడా నేనంత కాపలా కాయలేదు. నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వుకోనీ, నా పోటీ ఘన్‌పూర్‌తో.

మనీషా వచ్చింది. కొన్నాళ్లు చూస్తామని కంపెనీవాళ్లు అన్నారట. పని సరిగా సాగితే ఇక మా ఊళ్లోనే ఉండి చేసుకోవచ్చు. నడింట్లో బల్ల వేశాను, కొత్త కుర్చీ తెచ్చాను, కూలర్ అటు తిప్పాను. తెర మీద కాగితాలు చకచకా కదులుతుంటే పొలంలో వాన పడ్డంత సంబరపడ్డాను.

"ఏందే, మీ ఘన్‌పూర్ల ఇంతకంటె ఫాస్టుంటదా?"

"లేదు బావా, గిదే ఫాస్టున్నది."

ఆ మాట ఎన్ని రోజులు తలచుకున్నానో!

మా అమ్మ బుచ్చవ్వ సంబరం ఇంకో రకం. కోడలు అమెరికా వాళ్ల రోగాలు చూస్తుందని వాడంతా చెప్పుకొచ్చింది. ఇంకేముంది, మా ఇల్లు దవాఖాన అయింది. ఎక్స్‌రేలు, మందు చీటీలు పట్టుకుని ముసలివాళ్లు వచ్చేశారు.

"అవ్వా, నేను డాక్టర్ను కాదు. నాకు రోగం తగ్గిచ్చుడు రాదు. నంబరు ఏసుడే వస్తది" అంది మనీషా.

వాళ్లలో పెంటమ్మ వింటేనా! చీర మోకాలిదాకా జరిపి కాలు చాపింది.

"గట్లనే కానియ్ బిడ్డా. అమెరికోళ్లకు ఏస్తవు, నాకెయ్యవా? జర నా మోకాలుకు మంచి నంబరు చూసి ఎయ్యి."

మనీషా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు వాడంతా వినిపించాలని నేను తలుపు బార్లా తెరిచాను. ఘన్‌పూర్ ఓడిపోయిందనే అనుకున్నాను.

ఇల్లలకగానే పండుగ కాదు కదా. రాను రాను ఆమె మొహం మారింది. ఒక్కో కేసు ముందు పెదవి కొరుక్కుంటూ కూర్చునేది. చివరికి ఫోన్ తీసి, "సోమ్లీ, జర గిదేందో చెప్పవే" అనేది. సోమ్లీ హన్మకొండ హాస్టల్లో ఆమెతో కలిసి చదివిన పిల్ల. వాళ్లది గూడూరు పక్కన తండా. అక్కడ మా గడ్డివాము పాటి సిగ్నల్ కూడా లేదట. అందుకని మా మామ మేడ మీదికి వచ్చి, అక్కడే ఉండి పని చేసుకుంటోంది. అదే పని చేసే నవ్య, సింధూజ కూడా రోజూ ఆ గదికే వస్తారు. కేసు ఫోన్‌లో వివరించబోతే సగం అర్థమయ్యేది కాదు. తెర ఫోటో తీసి పంపుదామంటే కంపెనీ ఒప్పుకోదు, రోగుల గుట్టు కదా. తప్పులు పెరిగాయి. ఇట్లాగే ఉంటే ఉద్యోగం ఉండదని పైనుంచి మెయిల్ వచ్చింది.

"వైరు తెగిందా?" అన్నాను, గులేరు కోసం చూస్తూ.

"లేదు."

"మరేంది పరేషాన్?"

"వైరు మంచిగనే ఉన్నది బావా. అడుగుదామంటె పక్కన మనిషి లేదు. రూల్సు ఊకె మారుతుంటయి. ఆడ ఒకరికి తెల్వంది ఇంకొకరికి తెలుస్తది. ఈడ తప్పు చేసినా తప్పని తెలుస్తలేదు."

"నన్నడుగు. నేను చదువుకోలేదా?"

ఆమె ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఒక లైను చదివాను. 'ఆఫ్', 'అండ్' తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె నవ్వలేదు. నవ్వితే కోప్పడి తప్పించుకునేవాణ్ని.

రెండు రోజులకు తనే కంపెనీకి రాసింది, ఘన్‌పూర్‌లోనే ఉంటానని. నాకు కడుపు మండిపోయింది.

"నాకంటె సోమ్లీ ఎక్కువైందా నీకు?"

"సోమ్లీ లేకుంటె నా నౌకరి లేదు. నౌకరి లేకుంటె నేనేంది బావా?"

నా పెండ్లానివి అనబోయాను. ఆమె మొహం చూసి ఆగిపోయాను.

దింపి వస్తానని నేనే వెంట వెళ్లాను. పరకాల దాటాం, హన్మకొండలో బస్సు మారాం. మామ ఇంటి మెట్లు ఎక్కుతుండగానే పైనుంచి గొంతులు వినిపించాయి. ముగ్గురు ఆడపిల్లలూ ఒకే తెర మీదికి వంగి కొట్లాడుకుంటున్నారు. ఏదో గుండె ఆపరేషన్ లొల్లి. కిటికీ అవతల రైలు పోయింది, అద్దాలు గడగడలాడాయి, ఒక్కరూ తలెత్తలేదు. మూలన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద మనీషా పాత చున్నీ అట్లాగే వేలాడుతోంది. ఇన్నాళ్లూ అందులో ఎవరూ కూర్చోలేదన్నమాట. నిజం చెప్తున్నా, ఆ కుర్చీని చూసి కుళ్లుకున్నంతగా నేను దేన్ని చూసీ కుళ్లుకోలేదు.

"వచ్చినవా? జర చూడవే, ఈ నవ్య చెప్తె ఇంటలేదు" అంది సోమ్లీ, పొద్దున లేచి వెళ్లిన మనిషితో అన్నట్టుగా.

మనీషా చెప్పులు కూడా విడవలేదు. వంగి చూసి, "ఒక్కటి కాదే, రెండు నంబర్లెయ్యాలె" అంది. ముగ్గురూ ఒక్కసారిగా అరిచారు. ఆమె అంతకంటే గట్టిగా అరిచింది. మా ఇంట్లో ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. అంత గొంతు ఉందని కూడా తెలియదు.

నేను ఆమె సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎవరైనా లోపలికి రమ్మంటారేమోనని చూశాను. చాలాసేపటికి చార్జర్ కోసం కాబోలు, మనీషా ఇటు తిరిగింది. నన్ను చూసి నిజంగానే ఉలిక్కిపడింది.

"అయ్యో, నువ్వింక ఈడనే ఉన్నవా బావా?"

"పోతున్న" అన్నాను. సంచి గుమ్మం లోపల పెట్టాను.