వెనక సీటు బరువు

కువైట్‌లోని మహబూలాలో మా ఫ్లాటు కింద డెలివరీ బండ్లు నిలిపే చోట అప్పుడప్పుడూ ఒక మాడు వాసన వస్తుంది. వెనక బ్రేకు పట్టేసిన పాత బండిని అట్లాగే తోలుకొస్తే డ్రమ్ము వేడెక్కి, లోపలి బ్రేకు షూలు కాలే వాసన అది. అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం కబ్ద్ తోటా, మా నాయనా, నాసిర్ గుర్తొస్తారు. గుర్తు రాగానే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, కడుపు భగ్గుమంటుంది.

మాది రాయచోటి దగ్గర పల్లె. నాయన కబ్ద్‌లో ఒక కువైటీ ఆసామి తోటలో డ్రైవరు, అమ్మ అక్కడే వంట. మా వీసాలకు పూచీపడ్డ ఆ ఆసామే మా కఫీల్, మంచివాడు కనుక నాకూ ఇఖామా, అంటే అక్కడుండే అనుమతి, చేయించాడు, నా చిన్నతనమంతా ఆ ఇసుకలోనే గడిచింది. చలికాలం పొద్దున టమాటా ఆకుల మీద మంచు, గొర్రెల దొడ్డి నుంచి వచ్చే వెచ్చటి వాసన, వానలు పడ్డాక ఇసుకలోంచి తవ్వుకొచ్చిన ఫగా గడ్డల్ని అమ్మ ఎర్రగడ్డలేసి వేయించే చప్పుడు, ఎండాకాలం దుమ్ము లేస్తే తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని చీకట్లో ఆడుకున్న అచ్చనగండ్లు, రంజాన్ నెలలో కఫీల్ వాళ్ళ పెద్దింటి నుంచి గిన్నెలతో వచ్చే గోధుమల హరీస్, వేపపూత దొరక్క కాకరకాయ ముక్కతో చేదు కలిపిన ఉగాది పచ్చడి, దాని వెంటే నెయ్యి కారే ఓళిగలు, అన్నీ ఉన్నాయి నాకు. లేనిదల్లా శుక్రవారం నాడు మా నాయన.

శుక్రవారం నగరంలోని మిష్రిఫ్ నుంచి కఫీల్ కుటుంబం తోటకు వచ్చేది. వాళ్ళ కొడుకు నాసిర్ నా ఈడువాడే, కానీ నాలాంటివాళ్ళు ఇద్దరుంటాడు. కారు దిగీ దిగక ముందే వచ్చి మా నాయన నడిపే పాత మోటార్ సైకిల్ వెనక ఎక్కేవాడు. స్కూలు బస్సు మెయిన్ రోడ్డు మీద దింపితే రోజూ నన్ను ఇంటికి తెచ్చేది ఆ బండే. నేనెక్కితే దానికి ఏ రోగమూ లేదు. వాడెక్కితే మాత్రం కోళ్ళ షెడ్డు దాటేలోగా మూలిగి, వెనక చక్రం బిగుసుకుపోయేది.

నాయన చక్రం విప్పి, డ్రమ్ములోని ఇసుక ఊదేసి, షూలకు గరుకు కాగితం రుద్ది, తుప్పుపట్టిన ఇరుసుకు గ్రీజు పూసి చూశాడు. స్టాండు మీద చక్రం బొంగరంలా తిరిగేది, నాసిర్ కూచుంటే మళ్ళీ పట్టేసేది. చివరికి తెలిసిందేమంటే, బరువుకు బండి వెనక భాగం కిందికి దిగినప్పుడు బ్రేకు కడ్డీ లాక్కుంటోంది. కాబట్టి ఆ బరువు మీద ఉండగానే కడ్డీ చివరి నట్టు వదులు చేయాలి. వారం మధ్యలో చైను బిగించాడంటే చక్రం వెనక్కి జరిగి కథ మళ్ళీ మొదటికి. అందుకని ప్రతి శుక్రవారం నాసిర్ సింహాసనమెక్కినట్టు సీటు మీద, మా నాయన వాడి కాళ్ళ దగ్గర. కొంచెం వదులు చేయడం, బండిని ముందుకూ వెనక్కూ తోయడం, ఇంకా పట్టేస్తోందా అని వాడిని అడగడం. అరబ్బీ, హిందీ, మా రాయచోటి తెలుగూ కలిపి ఎన్ని కబుర్లో! నాతో వారమంతా కలిపినా అన్ని మాటలుండేవి కావు. ఇబ్బంది పెట్టని పిల్లవాడితో మాట్లాడటానికి ఏముంటుంది మరి?

ఒక శుక్రవారం వాళ్ళు రావడం ఆలస్యమైంది. నేను లాగు జేబుల నిండా కంకరరాళ్ళు నింపుకుని గబగబా సీటెక్కాను. నాయన పానా పట్టుకుని కిందికి వంగాడు. నా జేబుకు చిల్లి ఉన్న సంగతి అప్పటికి గానీ తెలియలేదు. ఒక్కో రాయీ ఆయన చేతి పక్కనే పడింది. అమ్మ పడీ పడీ నవ్వింది. నాయన నవ్వలేదు.

"నువ్వెక్కితే బండికి తెలీను గూడా తెల్దురా. దిగు, పొయ్యి బువ్వ తినుపో" అన్నాడు.

తిన్నాను. ఖర్జూరాలు, సంగటి, ఖుబూసు, కనిపించిందల్లా తిన్నాను. ఒళ్ళు రాలేదు సరికదా, మూడు రోజులు కడుపు పట్టుకుని తిరిగాను. ఆ లోపల శుక్రవారం రానే వచ్చింది, "కదలగాకు అబ్బీ, గెట్టిగా కుచ్చో" అని నాసిర్‌తో ఆయన అనడం మంచం మీంచే విన్నాను. మా వైపు మగపిల్లల్ని ముద్దుగా పిలిచే ఆ "అబ్బీ" నా సొత్తు అనుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ తోట లేదు, ఎవరికో అమ్మేశారు. కోళ్ళ షెడ్ల చోట ఎవరివో విడిది ఇళ్ళు లేచాయి. బండి పాత ఇనుములో పోయింది. నాయన ఊరికి తిరిగి వెళ్ళి, పోయిన నెల కన్ను మూశాడు. ఫోనొచ్చాక మర్నాటి విమానానికి టిక్కెట్టు తీసుకుని, కన్నీటి చుక్క లేకుండా గోడ చూస్తూ కూచున్నాను. సాయంత్రానికి నాసిర్ వచ్చాడు. అంత మనిషీ మా గడప దాటుతూనే నేల మీద కూలబడి, భుజాలు అదిరేలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చూస్తూ ఉంటే నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. మా నాయన కోసం ఏడవటం వీడికి ఇంత సులువుగా ఎట్లా వచ్చిందని కుళ్ళుకున్నాను. పరామర్శకు వచ్చిన మా ఊరివాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళి, ముందు అతనికి నీళ్ళిచ్చారు.