తుప్పు తోమిన దసరా

నా చిన్నప్పుడు మా ఇల్లంతా లవంగాల వాసన వేసేది. ఇంటికి వచ్చినవాళ్లు ఈ పూట పలావు తగిలిందని సంబరపడి, పప్పూ చారూ చూసి నీరుగారిపోయేవారు. ఆ వాసన వంటింట్లోది కాదు, కింద బేస్‌మెంట్‌లోది. అక్కడ మా పెదనాన్న జపాన్ కత్తులకు లవంగ నూనె రాస్తూ కూర్చునేవారు. ఇది డెబ్బైల చివరి మాట. అమెరికాలోని జెర్సీ సిటీలో, ఎత్తు మీద ఉన్న వీధుల్లో ఒక పాత ఇటుకల ఇల్లు మాది. పైన అమ్మ, నాన్న, నేను ఉండేవాళ్లం. కింద పెళ్లీ పెటాకులూ లేని మా పెదనాన్న, ఆయన కత్తులు.

పెదనాన్న చదివింది లోహాల ఇంజనీరింగు. ఈ దేశానికి వచ్చింది ఉక్కు ఫ్యాక్టరీలో పనికి. ఆ ఫ్యాక్టరీ మూసేశాక ఏడాదిన్నర పాటు కనపడిన ప్రతి కంపెనీకీ ఉత్తరాలు రాసి, వచ్చిన జవాబులు చదివీ చదివీ విసిగిపోయి, చివరికి ఊళ్లోనే ఒక పాత ఆయుధాల షాపులో కుదిరారు. యుద్ధానికి వెళ్లిన అమెరికన్ సైనికులు జపాన్ నుంచి తెచ్చుకున్న కత్తులు, కవచాలు, పొడుగాటి పాతకాలపు తుపాకులు ముప్ఫై ఏళ్లుగా వాళ్ల అటకల మీద పడి ఉండేవి. వాటిని వాళ్లో, వాళ్ల భార్యలో తెచ్చి షాపులో ఇస్తే ఓనర్ పాత ఆయుధాలు సేకరించే కలెక్టర్లకు అమ్మిపెట్టేవాడు. మధ్యలో వాటిని బాగుచేసే పని పెదనాన్నది. కవచం రేకుల్ని కొత్త పట్టు తాళ్లతో మళ్లీ అల్లడం, పిడికి తాడు చుట్టడం, తుపాకీ గొట్టంలో పేరుకున్న మకిలి వదిలించడం, అన్నీ ఆ షాపులో అంతకుముందు పనిచేసిన ఒక జపాన్ పెద్దాయన దగ్గర నేర్చుకున్నారు. షాపులో చోటు చాలక పని ఇంటికి తెచ్చుకునేవారు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన అలసట. మెట్లెక్కుతూ ఏడో మెట్టు దగ్గర ఆగి, గోడ మీద చెయ్యి వేసి, మళ్లీ ఎక్కేవారు. అప్పటికి ఆయనకు యాభై కూడా లేవు. చాకిరీ వల్ల వచ్చిన అలసట కాదది. నేర్చుకున్న చదువు ఒకటి, చేస్తున్న పని ఒకటి అయినవాళ్ల ముఖంలో ఉండేది. అప్పుడు తెలియలేదు, ఇప్పుడు అద్దంలో చూసుకున్నప్పుడు తెలుస్తోంది.

పని పూర్తయిన ప్రతి కత్తికీ ఆయన ఒక చీటీ రాసి కట్టేవారు. ఈ తాడు కొత్తది, పిడిని బిగించే ఈ వెదురు మేకు కొత్తది, మిగతాదంతా పాతదే అని, గుండ్రటి అక్షరాలతో. ఎక్కడెక్కడి కలెక్టర్లో ఆ చీటీ చూసి కత్తి కొనేవారని మా నాన్న గొప్పగా చెప్పేవారు. పెదనాన్న మాత్రం అందులో గొప్పేముంది, నేను చేసింది నేను రాశాను అనేవారు.

నాకు పెట్టిన నియమం ఒక్కటే. కత్తి పదునును వేలితో ముట్టుకోకూడదు. వేలి చెమట తగిలితే అద్దంలాంటి ఆ ఉక్కు మీద మచ్చ పడుతుంది, తెగుతుందన్న భయం తర్వాతి సంగతి. ఆ నియమాన్ని నేను ప్రాణం పెట్టి పాటించాను. మీరు నమ్మాలి, ఆ రోజు కూడా పాటించాను.

ఆ ఏడు దసరా పనిదినాన పడింది. అమెరికాలో మన పండగలన్నీ ఆదివారానికి జరుగుతాయి కదా, అలాగే మా ఆయుధ పూజ కూడా ఆదివారానికి జరిగింది. ఎవరి పనిముట్లు వాళ్లు తోమి దేవుడి ముందు పెట్టాలని అమ్మ ఉత్తర్వు. నాన్న స్క్రూడ్రైవర్లు, కారు తాళాలు పెట్టారు. అమ్మ కత్తిపీట, కుట్టుమిషను కత్తెర పెట్టింది. పెదనాన్న షాపుకు ఏదో ఇచ్చి రావడానికి పొద్దున్నే వెళ్లారు. ఆయన తరఫున నేను పెడతానన్నాను. పదేళ్ల పిల్లని, ఆయన పనిముట్ల మీద సర్వాధికారాలూ నావేనని నా ధీమా.

కింద బల్ల మీద ఒక కత్తి పిడి ఊడదీసి ఉంది. మా వీధికి నాలుగు వీధుల అవతల ఉండే ఒక ముసలావిడది. ఆవిడ భర్త యుద్ధం నుంచి తెచ్చిన కత్తి, ఆయన పోయాక అమ్మేద్దామని ఇచ్చింది. పిడి లోపలికి దిగి ఉండే భాగాన్ని పెదనాన్న తోక అనేవారు. కత్తి ఎంత తళతళలాడుతోందో ఆ తోక అంత అసహ్యంగా ఉంది. నల్లగా, గోధుమరంగుగా, పాత మేకులాగా తుప్పు. దాని మీద ఉలితో చెక్కిన నాలుగైదు జపాన్ అక్షరాలు. అమ్మవారి ముందు ఇలాంటిది పెడతామా? పెదనాన్నకు పాపం తోమడానికి తీరిక దొరకలేదనుకున్నాను.

పైకెళ్లి చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, గిన్నెలు తోమే ఇనుప పీచు తెచ్చాను. పదునుకు మెత్తటి గుడ్డ చుట్టాను, ఒక్క వేలు కూడా తగలనివ్వలేదు. తోకను మాత్రం అరగంట సేపు, చేతులు నొప్పి పుట్టేదాకా తోమాను. అమ్మ ఇత్తడి కుందులు తోమినట్టే తోమాను. వెండిలాగా వచ్చింది. తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైకి తీసుకెళ్లి అన్నిటికంటే ముందు వరసలో పెట్టాను.

పెదనాన్న వచ్చి, కాళ్లు కడుక్కుని పూజ దగ్గరికి వచ్చారు. అమ్మ నవ్వుతూ, "చూశారా బావగారూ, మీ అమ్మాయి ఎంత బాగా తోమిందో! మీక్కూడా అంత బాగా రాదు" అంది. ఆయన చూశారు. చూసి, అక్కడే నేల మీద కూర్చున్నారు. హారతి అయ్యేదాకా లేవలేదు. హారతి కళ్లకద్దుకున్నారు, నా నెత్తిన అక్షింతలు వేశారు, భోజనం కూడా చేశారు. ఆ తర్వాత "రా అమ్మా" అని నన్ను కిందికి తీసుకెళ్లారు.

ఇంకో కత్తి తీసి, పిడి ఊడదీసి, ఇత్తడి చుట్టున్న తన భూతద్దం నా చేతికిచ్చి దాని తోక చూడమన్నారు. అప్పుడు చెప్పారు. పదునును తరతరాలుగా సానబడతారట, అది ఎప్పుడూ కొత్తగానే ఉంటుందట. ఆ తోకను మాత్రం చేసినవాడు వదిలేశాక ఎవరూ ముట్టుకోరట. ఆ తుప్పు రంగును బట్టే ఆ కత్తి వయసెంతో, ఆ సంతకం అసలుదో కాదో తెలుస్తుందట. "సంతకం ఉందిలే, ఎక్కడికీ పోలేదు. సాక్షిని తోమేశావు" అన్నారు. అరవలేదు. "పదును ముట్టుకోవద్దన్నాను గానీ ఇది చెప్పలేదు. చెప్పాల్సింది నేను" అన్నారు. ఆయన అరిచి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. అరవకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక చింతపండు వాసన వేస్తున్న చేతులు గౌనుకు తుడుచుకుంటూ నిలబడ్డాను.

మర్నాడు నేను స్కూలు నుంచి వచ్చేసరికి షాపు ఓనర్ మా బేస్‌మెంట్‌లో ఉన్నాడు. కత్తి చూసి మొదట తిట్టాడు, తర్వాత నవ్వాడు. శనివారం ఒక కలెక్టర్ దూరం నుంచి ఈ కత్తి కోసమే వస్తున్నాడు, ఈలోగా మళ్లీ తుప్పు పట్టించెయ్, లోహాలు చదివినవాడివి, ఇది నీకు చిటికెలో పని అన్నాడు. పట్టించి ఎప్పట్లాగే చీటీ రాసెయ్, లేకపోతే ఇక నీకూ నాకూ పని లేదు అని కూడా అన్నాడు. అన్నీ ఇంగ్లీషులోనే, నాకు అర్థమయ్యే భాషలోనే. పెదనాన్న కత్తిని గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టారు.

ఓనర్ వెళ్లాక నేను పెదనాన్న చెయ్యి పట్టుకున్నాను. "ప్లీజ్ పెదనాన్నా, ఫిక్స్ చేసెయ్యి. ఎవరికీ తెలీదు కదా. నేను కూడా ఎవరికీ చెప్పను, ప్రామిస్" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. కానీ నాకప్పుడు కావాల్సింది ఒక్కటే, ఆ ఆదివారం జరగనట్టు అయిపోవాలి.

పెదనాన్న మొదలుపెట్టారు. అవును, మొదలుపెట్టారు. విరిగిపోయిన పాత కత్తి తోక ముక్క ఒకటి ఉంటే దాన్ని తళతళా తోమి, ఏవో మందులు కలిపి రాశారు. తడిగుడ్డలో చుట్టి పెట్టారు. రోజూ స్కూలు నుంచి రాగానే నేను పరుగెత్తుకెళ్లి చూసేదాన్ని. మంగళవారం నారింజ రంగు. బుధవారం గోధుమరంగు. గురువారం ఆయన దాన్ని తుడిచి, నూనె రాసి, నిజంగా పాతదైన ఇంకో తోక పక్కన పెట్టి, భూతద్దం ఇచ్చి, "ఏది పాతదో చెప్పు" అన్నారు. నేను ఒకటి చూపించాను. తప్పు చూపించాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గెలిచామని గెంతాను.

పెదనాన్న గెంతలేదు. రెండు ముక్కల్నీ చాలాసేపు చూసి, "వచ్చేసింది. బాగానే వచ్చేసింది" అన్నారు. లేచి, ఆ మందు సీసా తీసుకెళ్లి సింకులో ఒంపేసి, నీళ్లు వదిలారు. నేను ఏడుపు లంకించుకున్నాను. ఆయన స్టూలు మీద కూలబడి, నన్ను దగ్గరికి తీసుకున్నారు.

"ఇది చేశాననుకో అమ్మా, ఎల్లుండి వచ్చేవాడికి ఒక అబద్ధం చెప్పాలి. ఆ పెద్దావిడ కనపడితే ఇంకోటి. తర్వాత నేను రాసే ప్రతి చీటీ దగ్గరా ఇది గుర్తొస్తుంది. నువ్వు కూడా నాతోపాటు మొయ్యాలి, నీకు పదేళ్లు. నాకంత ఓపిక లేదమ్మా."

నీతి గురించి, దేవుడి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఓపిక లేదన్నారు, అంతే. నిజం చెప్పడానికి ధైర్యం కావాలని స్కూల్లో చెప్పేవారు. బాగా అలసిపోయినవాడు కూడా నిజమే చెబుతాడని నాకు ఆ సాయంత్రం తెలిసింది.

శుక్రవారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆ ముసలావిడ ఇంటికి వెళ్లారు. కత్తి చూపించి జరిగింది చెప్పారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది, తెల్లగా ఉంది కదా, నష్టమేంటి అంది. ఆయన ఓపిగ్గా మళ్లీ చెప్పారు, ఇప్పుడు సగం ధర కూడా రాకపోవచ్చని. ఆవిడ నా వైపు తిరిగి ఎందుకు తోమావని అడిగింది. పనిముట్లకు బొట్టు పెట్టి పూజ చేసే పండగ అని, మురికిగా పెట్టకూడదని చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. తన భర్త ఆ కత్తిని అల్మారాలో దాచాడని, ముప్ఫై ఏళ్లు ఎవర్నీ చూడనివ్వలేదని, దానికి ఇన్నాళ్లకు ఎవరో బొట్టు పెట్టారన్నమాట అని అంది. క్షమించానని మాత్రం అనలేదు. మా చేతికి టీ ఇచ్చి, తను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటి కప్పు కారుతోందని, బాగు చేయించుకోవడానికే ఆ కత్తి అమ్ముతోందని తర్వాత తెలిసింది.

కత్తికి పెదనాన్న కట్టిన చీటీ నేను చదివాను. తాడు కొత్తది, మేకు కొత్తది అని రాసి, కింద ఇంకో వాక్యం. తోక మా ఇంట్లో, నా సంరక్షణలో ఉండగా పొరపాటున తోమబడింది, సంతకం మాత్రం ముందునుంచీ ఉన్నదే. కింద ఆయన పూర్తి పేరు. నా పేరు ఎక్కడా లేదు. వెతికాను, తిప్పి కూడా చూశాను. శనివారం ఆ కలెక్టర్ ఆ చీటీ చదివి, తక్కువ ధరకు ఆ కత్తి పట్టుకెళ్లాడట.

ఓనర్ అన్నంత పనీ చేశాడు. ఆ చలికాలమంతా మా బేస్‌మెంట్‌కు ఒక్క కత్తీ రాలేదు. లవంగాల వాసన మెల్లగా పోయింది. పెదనాన్న రైలు స్టేషన్ దగ్గర కార్ల పార్కింగ్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని టికెట్లు ఇచ్చే పనికి వెళ్లారు. ఒకరోజు మంచు పడుతుంటే నాన్న నన్ను కారులో అటుగా తీసుకెళ్లారు. ఆ గాజు కిటికీ వెనక మంకీ క్యాప్‌లో పెదనాన్న కనపడ్డారు. ఆ మనిషిని అక్కడ కూర్చోబెట్టింది నేనే. నన్ను చూసి చెయ్యి ఊపారు. నేను సీట్లో కిందికి జారి దాక్కున్నాను. ఇంటికొచ్చాక ఆయన ఆ మాటే ఎత్తలేదు, స్కూల్లో ఏం చెప్పారని అడిగారు.

మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఓనర్ ఒక కవచం డబ్బాలో పెట్టి పంపాడు, తాళ్లు అల్లమని. ఒక్క మాట రాయలేదు. పెదనాన్న కూడా ఏమీ అడగలేదు, కూర్చుని అల్లడం మొదలుపెట్టారు. చీటీలు కావాలని కలెక్టర్లే అడిగారని నాన్న అనేవారు. అయ్యుండొచ్చు. ఆయనలాగా చవగ్గా పనిచేసేవాళ్లు దొరక్క అని అమ్మ అనేది. అదీ అయ్యుండొచ్చు.

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్లు పైన పనిచేశాను. ఒకసారి నా కింద పనిచేసే కుర్రది రక్తం గొట్టాలు తారుమారు చేసింది. ఎవరూ గమనించలేదు. రికార్డు మార్చేద్దాం మేడమ్, ఎవరికీ తెలియదు అంది. నాకు ఆ గొంతు బాగా తెలుసు, పదేళ్ల గౌను పిల్లది. నా చేతికింద జరిగిందని రాసి, నా పూర్తి పేరు పెట్టాను. పై ఆఫీసులో అక్షింతలు పడ్డాయి, ఆ ఏడాది రావాల్సిన ప్రమోషనూ పోయింది. నాకు నిద్ర మాత్రం పట్టింది.

పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. భూతద్దం నాకు వదిలారు. ఇప్పటికీ మా ఇంట్లో దసరా వస్తే పనిముట్లన్నీ చింతపండుతో తోమి పూజలో పెడతాను, ఆ అద్దానికున్న ఇత్తడి చుట్టును మాత్రం తోమను. అదొక్కటే నల్లగా ఎందుకుందని పిల్లలు అడుగుతారు. మాట మార్చొచ్చు, ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు. కూర్చోబెట్టి జరిగినదంతా, చింతపండూ, పార్కింగ్ గదీ, నేను సీట్లో దాక్కోవడంతో సహా చెబుతాను. దాచడానికి నాకు మాత్రం అంత ఓపిక ఎక్కడిది!