పదో తల
ఒనెజీమ్ పుట్టింది కాఫీ తోటలో, బానిసగా. పన్నెండో ఏట విడుదల వచ్చింది. రమ్ము పీపాలు బిగించడం నేర్చుకుని, రోజో పట్నంలో కొట్టు పెట్టుకుని, నలభై నిండకముందే ఆ కరీబియన్ దీవి డొమినికా శాసనసభలో కూర్చున్నాడు. సుత్తి కంటే ఆయన నోరే గట్టిదని ఊరంతా ఒప్పుకునేది. ఆయన ఇంకాస్త ఎక్కువగా ఒప్పుకునేవాడు.

ఆ యేడు తోటల దొరలు ఒక చట్టం తేబోయారు. ఇకమీదట సభ్యుల్లో సగం మందిని గవర్నరే నియమిస్తాడట. అంటే నల్లవాళ్ల ఓటు ఉన్నా లేనట్టే. సభ్యులు పందొమ్మిది మంది. పదిమంది హాజరైతే తప్ప ఏదీ చెల్లదు. దొరల పక్షం తొమ్మిదిమందే. అందుకని మనవాళ్లు పదిమందీ ఎంచక్కా సభకు ఎగనామం పెట్టారు. ఒకడికి నడుంనొప్పి, ఒకడి అత్తగారికి జబ్బు, ఒనెజీమ్‌కు పీపాల తొందర. మూడు వారాలు దొరలు వచ్చి, తొమ్మిది తలలూ లెక్కపెట్టుకుని, మొహాలు వేలాడేసుకుని వెళ్లారు.

నాలుగో వారం ఆ తొమ్మిదిమందిలో ఒకడైన హార్గ్రేవ్ దొర పీపా బేరానికని కొట్టుకు వచ్చాడు.

"నీకు మాటలు రాక దాక్కున్నావని అనుకుంటున్నారు ఒనెజీమ్. నేనైతే నమ్మలేదు."

"ఎవరన్నారు?"

"అందరూను."

దొర వీధి మలుపు తిరగకముందే ఒనెజీమ్ నల్లకోటు తొడుక్కున్నాడు. భార్య క్లోతిల్డ్ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నువ్వు లోపల అడుగుపెడితే పదిమంది అవుతారయ్యా. దొర నీ నోటికి గాలం వేశాడు."

"నా మాట విన్నాక దొరల్లో అయిదుగురైనా మారకపోతారా? నువ్వుండవే."

సభలో రెండు గంటలు మాట్లాడాడు. తల్లి వీపు మీది కొరడా చారలు కూడా చెప్పాడు. కిటికీల బయట జనం కళ్లు తుడుచుకున్నారు. హార్గ్రేవ్ ఓపిగ్గా చప్పట్లు కొట్టాడు. తర్వాత గుమాస్తా తలలు లెక్కపెట్టి పది అన్నాడు. తొమ్మిది ఓట్లు అటు, ఒకటి ఇటు. చట్టం నెగ్గింది.

బయటివాళ్లకు ఉపన్యాసం వినబడింది గానీ లెక్క వినబడలేదు. పాటలు పాడుతూ ఆయన్ను భుజాలకెత్తుకున్నారు. ఒనెజీమ్‌కు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది.

"దించండర్రా. చట్టం నెగ్గింది. నేను రాకపోతే నెగ్గేది కాదు."

పాట ఆగింది. మోస్తున్న ముసలి జాలరి అడిగాడు: "మరెందుకొచ్చావు నాయనా?"

నెమ్మదిగా కింద పెట్టి, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఒక్కరూ తిట్టలేదు. ఒక్కరైనా తిట్టి ఉంటే ఆయన జవాబు చెప్పేవాడు.