నా ప్రసంగాలకు పెద్దవ్వ పెట్టిన వంకలు

మొన్న మంగళవారం లక్సెట్టిపేటలో మా బడి ప్రార్థన ముగిసి పిల్లలు వరుసల్లో తరగతులకు వెళ్తుంటే తమ్ముడి ఫోను వచ్చింది. "అక్కా, పెద్దవ్వ పోయింది. పొద్దుగాల చాయ తాగింది, మంచిగనే మాట్లాడింది. అంతట్లకే ఆయాసమచ్చింది. దవఖానకు తీసుకపోయేదాక ఆగలే," అన్నాడు. నా పాఠాలు ఇంకో టీచరుకు అప్పగించి మెట్‌పల్లి బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె గొంతే చెవిలో ఉంది. ఎవరేం చెప్పినా సాంతం విని, చివర్న "అయితే?" అనే గొంతు.

పెద్దవ్వ మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. ఆమె భర్త, మా పెద్దబాపు, పోయినప్పటి నుంచి మెట్‌పల్లిలో ఒక్కతే ఉండి బీడీలు చుట్టేది. నేను డిగ్రీ మూడేళ్లు ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. రెండో ఏడు మాకు వక్తృత్వం అని ఒక పేపరుండేది. ఎదుటివాళ్లు ఒప్పుకునేలా ఎట్లా మాట్లాడాలి, ఎట్లా రాయాలి అన్నది అందులో పాఠం. గైడు కొని బట్టీపడితే గట్టెక్కే పేపరు కాదు. పైగా మా సార్ ఒక షరతు పెట్టారు. రాసిన ప్రతి ప్రసంగాన్నీ ముందు ఇంట్లో ఒకరికి చదివి వినిపించాలి. విన్నవాళ్లు ఏమన్నారో దాని కింద ఉన్నదున్నట్టు రాయాలి. మా ఇంట్లో ఉన్నది ఒక్క పెద్దవ్వ. ఆమె బడి మొహం చూసింది లేదు. వినిపించినట్టు రాసేసి, అభిప్రాయం నేనే కల్పిద్దామా అనుకున్నాను కూడా.

మొదటిది గోదావరి వర్ణన. వెన్నెల, అలలు, గలగలలు అన్నీ పెట్టి చదివాను. ఒళ్లో చాట పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి చుడుతూనే విన్నది. వేళ్లు ఒక్కసారి కూడా ఆగలేదు.

"గోదారి గట్లుంటదా? మనం పోయిన్నాడు మోకాళ్లదాక నీళ్లు లేకుండె. నీ చెప్పు ఇసుకల కూరుకపోతే ఏడ్సినవ్. గది రాయలేదేంది?"

మూతి ముడుచుకున్నాను గానీ, వెన్నెల కొట్టేసి చెప్పు సంగతి రాశాను. సార్ సరిగ్గా ఆ వాక్యం కింద గీత గీసి, "నది ఇక్కడ కనిపించింది" అని రాశారు. అప్పటి నుంచి ఆమెకు వినిపించకుండా ఏదీ కాలేజీకి తీసుకెళ్లలేదు.

అన్నిటికన్నా కష్టమైంది పొగాకు మీద రాసింది. బీడీలు, సిగరెట్లు పూర్తిగా ఆపేయాలని వాదించాను. జబ్బుల వివరాలన్నీ పెట్టాను. చదువుతుంటేనే నాకు తెలుస్తోంది, నేను ఎవరి ముందు కూర్చుని చదువుతున్నానో. ఆపలేకపోయాను. పెద్దవ్వ చాట పక్కన పెట్టింది. నేను చూసినంతలో ఆమె చేతులు ఖాళీగా ఉండటం అదే మొదటిసారి.

"నువ్వు జెప్పింది అబద్ధం గాదు బిడ్డా. అయితే గీ కాయితంల నేనేడున్న?"

మర్నాడు ఆమె పక్కన కూర్చుని, ఈ పని ఆగిపోతే నువ్వేం చేస్తావు, ఏం చేతనవును, ఎవరు నేర్పాలి అని అడిగి అడిగి రాసుకున్నాను. ప్రసంగం మారిపోయింది. వాదన అదే. దాంట్లో పెద్దవ్వ కూడా ఉంది, అంతే.

చివరి ప్రసంగానికి నిజంగా ఒక మనిషి ముందు నిలబడి నిజంగా ఒకటి అడిగి రావాలి. అది ఎండాకాలం. చుట్టిన బీడీలు ఇవ్వడానికి ఆడవాళ్లు కార్ఖానా ముందు రోడ్డు మీద నిలబడేవారు. షట్టరు ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. ఆ వారమే మా పక్కింటి ఆమె చంటిపిల్లను ఎత్తుకుని వరుసలోనే కళ్లు తిరిగి పడిపోయింది. నీడ వేయండి, ఒక టైము పెట్టండి అని కార్ఖానా మేనేజర్‌ను అడగాలని అందరికీ ఉంది. అడిగితే పని ఆపేస్తారేమోనని భయం.

నేను ఆవేశంగా రాసి చదివాను. పెద్దవ్వ తల అడ్డంగా ఊపింది. "మంచిగనే రాసినవ్. కనీ గిట్లంటే గాయినెకు సిగ్గైతది. సిగ్గైనోడు ఏమిస్తడు? ఒప్పుకునేటందుకు గాయినెకు జర జాగ ఉంచు."

మళ్లీ రాశాను. మర్నాడు పెద్దవ్వ, ఇంకో పదిమంది ఆడవాళ్లు వెంట రాగా మేనేజర్ గదిలోకి వెళ్లాను. నాలుగు మాటలు చెప్పేసరికి తర్వాతి వాక్యం మర్చిపోయాను. ఆయన తలెత్తకుండా ఏదో రాసుకుంటున్నాడు. పెద్దవ్వ నా బదులు మాట్లాడుతుందనుకున్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా, "నిమ్మలంగ చెప్పు బిడ్డా, సార్ ఇంటున్నడు," అన్నది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. నేను మొత్తం చెప్పాను. ఆయన "చూద్దాం" అని మాత్రమే అన్నాడు. వారం తిరిగేలోగా షట్టరు ముందు ఆకుపచ్చ జాలీ పందిరి లేచింది. తొమ్మిది గంటలకు తెరుస్తామని బోర్డు పెట్టారు. నేను ఎగిరి గంతేస్తుంటే పెద్దవ్వ, "నడు, మంచిగ జేసిన్రు సార్ అని చెప్పొద్దాం. అడిగేటప్పుడు పోయినం, ఇచ్చినంక పోకపోతే ఎట్ల?" అని తీసుకెళ్లింది.

ఆమె నన్ను ఏనాడూ మెచ్చుకోలేదు. మొన్న శవం దగ్గర పక్కింటి ఆమె నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "పందిరి కింద నిలవడ్డ ప్రతిసారి గిదే ముచ్చట. కొత్తగ ఎవలచ్చినా, గిది మా బిడ్డ మాట్లాడితే అచ్చిన నీడ అని జెప్పేది." ఏడుస్తూనే నాకు గర్వంతో గుండె నిండిపోయింది.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ ఏడు నా ప్రసంగాల ఫైలు చదివాక మా కాలేజీ సార్ పెద్దవ్వను క్లాసుకు పిలిపించారు. బెదురుతుందేమో అనుకున్నాను. గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చి, కుర్చీ వేస్తే వద్దని బ్లాక్‌బోర్డు పక్కన నిలబడింది. బోర్డు మీద "ప్రతివాది" అని రాసి ఉంది. అదేంటని అడిగింది. మన మాటను కాదనేవాడు అని సార్ చెప్పారు.

"గంత పెద్ద మాటెందుకు సార్? రేపు మల్ల గాయినెకే బీడీలు ఇయ్యాలె గద నేను?"

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. డస్టరు తీసుకుని ఆ మాట తుడిపి, "మరి ఏం రాయమంటారమ్మా?" అని అడిగారు.

"ఎదుటి మనిషి అని రాయున్రి."

సార్ అదే రాశారు.

గంట కొట్టాక మా క్లాసు పిల్లలు ఆమెను వదల్లేదు. ఇంట్లో చదువు మానమంటే ఏమనాలి, నాయిన మాట వినకపోతే ఎట్లా అని అడుగుతూ గేటు దాకా వెంట నడిచారు. గేటు ముందు మేము ఇంటికి వెళ్లాల్సిన బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. పెద్దవ్వ వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి వాణ్ని ఆగమంది. ఓ అమ్మాయి చెప్పేదాన్ని తల వంచి వింటోంది. బస్సు వెళ్లిపోయింది, ఆమె ఇంకా వింటూనే ఉంది.