డెమరేజి దయానందం

గాజువాకలో దయానందం ఎవరంటే పక్కవీధివాళ్ళు కూడా తడుముకుంటారేమో గానీ, డెమరేజి దయానందం అంటే పాత తపాలా బిళ్ళలు కొనేవాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఆ పేరు పెట్టింది వేలంలో పాట పాడి డబ్బు కట్టనివాళ్ళే. జేబులో చెయ్యి పెట్టడానికి లేని తీరిక, ఇంకొకరికి పేరు పెట్టడానికి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు.

ఆయన ముప్పై మూడేళ్ళు రేవులో లెక్కల గుమాస్తా. ఓడలోంచి దిగే ప్రతి పెట్టే, ప్రతి మూటా లెక్కపెట్టి రాసుకోవడం పని. నావికులు తమకొచ్చిన ఉత్తరాల కవర్లు పారేస్తుంటే అడిగి తెచ్చుకునేవాడు. బిళ్ళలు నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, ఆరబెట్టి, ఆల్బముల్లో అమర్చేవాడు. అలా ఆ ఉద్యోగం ఆయనకు నలభై దేశాల బిళ్ళలిచ్చి, సరుకులెత్తే వించీల రొదతో రెండు చెవులూ పుచ్చుకుంది. ఎదురుగా నిలబడి అరిస్తే ఎంతో కొంత అందుతుంది. ఫోన్లో మాత్రం ఒక్క ముక్క వినపడదు.

ఆయన భార్య విమలమ్మ ఆదివారం చర్చిలో పాడుతుంది. ఆరేళ్ళుగా దయానందం ఆమె పెదవులు కదలడం చూస్తున్నాడే తప్ప పాట వినలేదు. చెవి మిషను పెట్టించుకుంటే వినొచ్చని డాక్టరు చెప్పాడు. ఈ నెలాఖరులోపు కొంటే తగ్గింపు కూడా ఉందన్నాడు. ఆల్బములు అమ్మకానికొచ్చింది అందుకే.

అమ్మకం ఫోన్లోని వేలం గ్రూపులో. ఆదివారం సాయంత్రం ఐదింటికి పాట మొదలు, ఆరింటికి ఆఖరు. ఎక్కువ పాడినవాడు డబ్బు పంపితే ఈయన పార్సిల్ పంపాలి. వినడానికి బాగానే ఉంది. పాడేటప్పుడు ఒక్కొక్కడూ జమీందారే. ఆరు దాటగానే ఒకడికి బ్యాంకు సెలవు, ఒకడికి సర్వర్ పనిచెయ్యదు. ఇంకొకడు ఒకే పెదనాన్నను ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి చంపుకున్నాడు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు.

వీళ్ళందరికీ పెద్దన్న రాజమండ్రి సాయిశంకర్. స్థలాల వ్యాపారం. గ్రూపులో ఆయన ఫోటోకి వెనక కారు, ముందు నల్లకళ్ళజోడు. దయానందం దగ్గరున్న వాటిలో మేలైనది, ఓడ బొమ్మల బిళ్ళల ఆల్బము. దాన్ని ఈ మహానుభావుడు నెల మొదట్లో పద్నాలుగు వేలకు పాడాడు. ఆ డబ్బొస్తే రెండు చెవులకీ మిషన్లు వచ్చేస్తాయి. వారం గడిచింది, డబ్బు రాలేదు. మెసేజీలు పెడితే జవాబు లేదు. అప్పుడప్పుడు సాయిశంకరే ఫోన్ చేసేవాడు. దయానందం ఫోను విమలమ్మకిచ్చి, ఆమె మొహంలోకి చూస్తూ కూర్చునేవాడు.

"పాపం, శానా బాధపడతన్నాడండి," అని ఫోను పెట్టేశాక ఆమె చెవి దగ్గరకొచ్చి అరిచి చెప్పేది. "ఆళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదంట. సోమవారం ఏసేత్తాడంట. ఏటీ అనుకోవద్దని మీకు మరీ మరీ సెప్పమన్నాడు."

సోమవారం వచ్చేది, పోయేది. దయానందం కోపం ఆమె మీద పడేది.

"నువ్వు మెత్తగా మాటాడబట్టే ఆడు ఆటలాడతన్నాడు. గట్టిగా నాలుగు అడగవేటి? నాకే ఇనబడితేనా, ఆడి సంగతి సూసీవోణ్ణి."

విమలమ్మ బియ్యం కడుక్కునేది.

ఇక లాభం లేదని ఆయన రేవు కాయిదా తీశాడు. ఓడ దిగిన సరుకును మూడు రోజులు ఉచితంగా ఉంచుతారు. నాలుగో రోజు నుంచి స్థలం ఆక్రమించినందుకు రోజుకింతని డెమరేజి కట్టాలి. దయానందం అదే గ్రూపులో రాసి పెట్టాడు. ఆల్బము తన బీరువాలో ఉన్నందుకు నాలుగో రోజు నుంచి రోజుకు ఇరవై రూపాయలు. గ్రూపంతా పళ్ళికిలించింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటారు. ఇక్కడ ఊదినవాడే చెవిటివాడు, వినాల్సిన ఆరువందల మందికీ నిక్షేపంలాంటి చెవులున్నాయి. ఇద్దరు మాత్రం సిగ్గుపడి, చిల్లర బాకీలు పంపారు. సాయిశంకర్ నవ్వే బొమ్మ పంపాడు.

సరుకు అవసరమున్నవాడికే డెమరేజి భయమని దయానందానికి అప్పుడు తట్టింది. యజమాని విడిపించుకోని సరుకును రేవు ఇంకొకరికి అమ్మేస్తుందని కూడా గుర్తొచ్చింది. నెలాఖరుకు మూడు రోజులుందనగా, పాటలో రెండో స్థానంలో నిలిచిన అనూరాధకు మెసేజీ పెట్టాడు. పరవాడలో స్కూలు టీచరు. ఆమె పాడింది తొమ్మిది వేలే. పెట్టిన టీ చల్లారకముందే ఆ తొమ్మిది వేలూ వచ్చేశాయి. రెండు మిషన్లకు చాలవు, ఒక్కదానికి సరిపోయాయి.

శనివారం ఎడమ చెవికి మిషను పెట్టించుకుని, విమలమ్మతో షేర్ ఆటోలో ఇంటికొచ్చాడు. దారిలో హారన్లు విని, ఈ సంబరానికేనా ఇంత కష్టపడ్డానని విసుక్కున్నాడు. ఇంటికి రాగానే ఫోను మోగింది. విమలమ్మ చేతులు తడిగా ఉన్నాయి. ఆయనే ఎత్తాడు. హలో అనేలోపే అవతలి గొంతు అందుకుంది.

"ఏమ్మా, మీ చెవిటాయన నా ఆల్బము ఇంకొకరికి అమ్మేశాడంట? ముష్టివాడిలా నా వెంట పడొద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు? మొన్న తిట్టినవి ఆయనకి చెప్పావా, ఎప్పట్లాగే కడుపులో దాచుకున్నావా?"

దయానందం ఫోను చెవికి మరికాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.

"నాను దయానందాన్నే మాటాడతన్నాను. ఇప్పుడు ఇనబడతంది. సెప్పు."

అవతల చప్పుడు లేదు. మిషను అప్పుడే పాడయిందా అని ఒక క్షణం అనుమానం వచ్చింది. మిషనుకేమీ కాలేదు, ఆ శూరుడు ఫోను పెట్టేశాడు.

నెల రోజులుగా ఆ మాటలన్నీ పడింది విమలమ్మ. పైగా మెత్తనిదానివని తిట్టింది తను. దయానందానికి తల కొట్టేసినట్టయింది. సాయిశంకర్ మీద దాచుకున్న అసహ్యంలో సగం తన మీదికే తిరిగింది.

"ఎవరండీ? ఏటంటన్నాడు?" అని అలవాటుకొద్దీ అరిచింది విమలమ్మ వంటగదిలోంచి వస్తూ.

"సాయిశంకర్," అన్నాడు ఆయన. "ఆలస్యమైపోనాదని శానా బాధపడ్డాడు. నీకు మరీ మరీ సెప్పమన్నాడు."

విమలమ్మ కాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని, ఆరేళ్ళలో మొదటిసారి గొంతు పెంచకుండా, టీ తాగుతారా అని అడిగింది.