మా నాయన నేసిన గుడ్డ కింద కంప్యూటర్

మా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో కంప్యూటర్ నేర్చుకోవాలంటే ముందు కాళ్ళు కడుక్కోవాలి...

నిజంగానే. బడి వరండాలో బకెట్ నీళ్ళు, ఒక చెంబు, తుడుచుకోవడానికి గోనెపట్టా. ఇన్ని మర్యాదలయ్యాక లోపలికి పోయి మేం చేసేదేమిటంటే... నేల మీద కూర్చుని, గుడ్డ కప్పిన ఒక బల్ల కేసి చూడటం.

ఎనభైల చివర. నేను తొమ్మిదో తరగతి. ప్రభుత్వం మా బడికి ఒక కంప్యూటర్ పంపింది. దాన్ని మా లెక్కల సారుకు అప్పగించారు. నేర్పడానికట... నాకు మాత్రం కాపలాకు పెట్టినట్టే ఉండేది. ఆయన కర్నూలులో పది రోజులు ట్రైనింగుకు పోయి వచ్చాడు. ఒక మిషన్ చుట్టూ నలభై మంది సార్లు, ఈయన ఆఖరి వరస. చూసింది ముందువాళ్ళ వీపులే. ఆయనే ఒకసారి నోరు జారి చెప్పాడు. అయినా ఊళ్ళో దిగాక నడకే మారిపోయింది. గది తాళంచెవి చొక్కా జేబులోంచి బయటికి కనపడేట్టు పెట్టుకుని తిరిగేవాడు.

మిషన్ దిగిన రోజు టెంకాయ కొట్టి, మా ఇంటికి కబురు పంపాడు. మా నాయన మగ్గం నేసేవాడు. "కంప్యూటర్‌కి కప్పేదానికి గుడ్డ గావల్లంట, జరీ అంచు ఉండల్లంట." నాయన పొంగిపోయాడు. రెండు రోజులు వేరే పని ముట్టకుండా ఆకుపచ్చ గుడ్డ, ఎర్రంచు, సన్నని జరీ వేసి నేసి ఇచ్చాడు. ఆ గుడ్డ రోజూ కంప్యూటర్ మీద ఉండేది. నేను నేల మీద ఉండేదాన్ని.

నాకున్నది ఒకటే కోరిక... ఆ తెర మీద నా పేరు ఒక్కసారి చూసుకోవాలి. పద్మ. ఇంగ్లీషులో ఐదే అక్షరాలు. అప్పటిదాకా నా పేరు ఎక్కడా అచ్చులో చూసుకున్నదాన్ని కాదు.

ఇక పాఠం. గోడకు ఒక చార్టు. లెక్కల సారు దాని మీద డ్రాయింగ్ సారు చేత కీబోర్డు బొమ్మ వేయించాడు. పైన పది గళ్ళు, నడుమ తొమ్మిది, కింద ఏడు. వాటిలో ఏ, బీ, సీ, డీ... జెడ్ దాకా బుద్ధిగా వరసలో. దాన్ని చూసి మేము అట్టల మీద గీసుకుని వేళ్ళు ఆడించాలి. కిందికి చూస్తే బెత్తం. "కన్ను తెర మీద, చెయ్యి అట్ట మీద!" అనేవాడు. తెర మీదేమో గుడ్డ...

మా క్లాసులో ఖాజా ఉండేవాడు. వాళ్ళన్న ఆదోనిలో టైపు నేర్చుకునేవాడు. ఒకరోజు లేచి, "సార్, మా అన్న సెప్పినాడు. టైపు మిషన్లో అచ్చరాలు వరసగా ఉండవంట. క్యూతో మొదలయితాదంట" అన్నాడు.

సారు వాణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు. "అది టైపు మిషన్ రా. దానికేం తెలుస్తాది? ఇది బుద్ధి ఉండే మిషన్. దీనికి ఏబీసీడీలు రావా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను... అందరికంటే గట్టిగా. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ అసహ్యం.

ఏడాదంతా చీర పెట్టె మూత మీద వేళ్ళు ఆడించాను. పక్కన నాయన మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడుకు కళ్ళు మూసుకుని నా పేరు కొట్టేదాన్ని. క్లాసులో నా అంత వేగం ఎవరికీ లేదు.

ఒకరోజు కర్నూలు నుంచి ఆఫీసరు వచ్చాడు. మా ముందు మొట్టమొదటిసారి ఆ గుడ్డ తీశారు. స్విచ్చి వేయడానికి సారుకు చెయ్యి రాలేదు, ప్యూను వేశాడు. "ఎవరైనా పేరు కొట్టి చూపించండి" అన్నాడు ఆఫీసరు. సారు నన్ను పిలిచాడు.

నేర్పినట్టే కన్ను తెర మీద పెట్టి, తడుముకోకుండా ఐదు కొట్టాను.

తెర మీద పడింది... హెచ్. క్యూ. ఆర్. డీ. క్యూ.

"ఏందయ్యా ఇది?" అన్నాడు ఆఫీసరు.

"కంప్యూటర్ భాష సార్." సారు రెప్ప కూడా వేయలేదు.

"ఓహో... భేష్ పాపా!" అని ఆ పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. కాఫీ తాగి, మిక్చర్ తిని, జీపెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు కిందికి చూశాను. చార్టులో ఏ ఉన్న చోట, పై వరసలో మొదట, ఉన్నది క్యూ. ఖాజా చెప్పినట్టే. పక్కనే సారు కూడా చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, చార్టు తప్పుంది సార్. ఇంగొక్కసారి కొడతా సార్, నా పేరు వస్తాది..."

"ఆఫీసరుకే రాని అనుమానం నీకొచ్చెనా? మగ్గం గుంతలో కూర్చునేదానికి ఇయన్నీ ఎందుకు మే? లెయ్!"

తెలియక అంటే పోనీలే అనుకుందును. కళ్ళారా చూసి, తెలిసే అన్నాడు. మర్నాటి నుంచి నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. నా చెయ్యి పడితే మిషన్ తప్పులు రాస్తుందట. నాయన నేసిన గుడ్డ లోపల, నేను వరండాలో. చార్టు మాత్రం నా పదో తరగతి అయ్యేదాకా గోడ మీదే ఉంది. తీస్తే ఎందుకు తీశారని అడుగుతారు కదా... ఆ మహానుభావుడికి పిల్లల చదువు కంటే పరువు ముఖ్యం.

ఇప్పుడు మా మనవరాలికి నాలుగేళ్ళు. కాళ్ళు కడగదు, ఎవరినీ అడగదు. బిస్కెట్ పొడి చేతులతోనే నా ఫోను లాక్కుని తన పేరు కొట్టుకుంటుంది. ముచ్చటేస్తుంది... కొంచెం ఈర్ష్య కూడా. మీ బళ్ళోనూ ఇట్లా గుడ్డ కప్పి దాచిన మిషన్ ఉందా? మిమ్మల్ని ఒక్కసారైనా ముట్టుకోనిచ్చారా? చెప్పండి, వింటాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సారు ఫొటో పెట్టారు. శాలువా కప్పి, దండేసి... "మన ఊరికి కంప్యూటర్ విద్య నేర్పిన గురువుగారు" అట. కింద వరసగా నమస్కారాలు. "పద్మా, నువ్వు కూడా ఒక మాట రాయి" అన్నారు.

రాశాను. హెచ్, క్యూ, ఆర్, డీ, క్యూ.

"ఇదేం భాషే?" అని ఎవరో అడిగారు.

నేను జవాబిచ్చేలోపే ఖాజా రాశాడు... "కంప్యూటర్ భాష."