చిన్నత్త చేతిలో పచ్చపిట్ట

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అరవైల చివరి ఏళ్లవి. యలహంక పాత ఊళ్లో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. మా నాయన అక్కడి విమాన స్థావరంలో, సామాను గోదాములో పని చేసేవాడు. బెంగళూరంటే మాకు అప్పట్లో బస్సెక్కి వెళ్లే వేరే ఊరు. పొద్దున్నే మంచు దిగేది, పెరట్లో బావి మీద పొగలాంటిది లేచేది.

ఆ చలికాలానికి కాస్త ముందు మా చిన్నత్త, అంటే నాయన చెల్లెలు, మా ఇంటికి వచ్చింది. ఆమెను చింతామణి దగ్గర పల్లెలో ఇచ్చారు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా, కానీ కోతల కాలమని అత్తవారు పంపలేదు. మా అవ్వ రెండుసార్లు కబురు చేసి ఊరుకుంది. కాన్పు కష్టమై, బిడ్డ పుట్టీ పుట్టగానే పోయింది. బాలింత పథ్యం కూడా తీరకముందే ఒక ట్రంకుపెట్టెతో మా అత్తను బస్సెక్కించి పంపేశారు. ఆమెకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండి ఉండవు. వచ్చిన రోజు నుంచి ఆమె పనిచేయడమే తప్ప నోరు విప్పడం నేను పెద్దగా చూడలేదు.

అప్పుడే మా అమ్మకు నెలలు నిండుతున్నాయి. అవ్వకు భయం పట్టుకుంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి నీడ కడుపుతో ఉన్న మనిషి మీద పడకూడదని ఆ కాలపు ఆడవాళ్ల నమ్మకం. సొంత కూతురే అయినా అవ్వ ఆ నమ్మకాన్ని వదులుకోలేదు. అమ్మను అనుకున్న దానికంటే ముందే హిందూపురం, వాళ్ల పుట్టింటికి రైలెక్కించింది. ఎందుకంత తొందరగా పంపుతున్నారో నాకెవరూ చెప్పలేదు. అత్తకూ చెప్పలేదు. కానీ ఆమెకు తెలుసు. అమ్మ బండెక్కేటప్పుడు ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఆ రోజుల్లోనే పిట్టలు వచ్చాయి. నాయన పనిచేసే చోట ఒక ఆఫీసరుకు ఉత్తరాదికి బదిలీ అయింది. పోతూ పోతూ వాళ్లింటామె ఒక పంజరం, అందులో రెండు పిట్టలు నాయన చేతికిచ్చింది. ఒకటి పచ్చది, ఒకటి నీలం. మేము వాటిని లవ్‌బర్డ్స్ అనేవాళ్లం. బడ్జీలనే పేరు నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. చిలకంత పెద్దవి కావు, పిచ్చుకంత చిన్నవీ కావు. మెడ మీద సన్నటి అలలలాంటి గీతలు. పంజరంలో ఒక చిన్న కుండ వేలాడదీస్తే గుడ్లు పెట్టి పిల్లలు చేస్తాయని ఆమె చెప్పిందట. మా వీధిలో కోళ్లను పొదిగించినవాళ్లే కానీ ఇట్లాంటి పిట్టలను ఇంట్లో పెంచి పిల్లలు చేయించినవాళ్లు లేరు. నాయనకు అది పెద్ద ముచ్చటైంది. కుమ్మరి దగ్గర కుండ తెచ్చి, పక్కన బెజ్జం వేయించి, లోపల రంపపు పొట్టు పోసి, తీగతో కట్టాడు. పంజరం ముందు వసారాలో పెట్టాడు.

నేను బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి కూడా దించకుండా పంజరం ముందు కూర్చునేదాన్ని. మగది ఆడదాని ముక్కులో ముక్కు పెట్టి కొర్రలు తినిపించేది. ఆడది, పచ్చది, కుండ బెజ్జం అంచును కొరికి కొరికి వెడల్పు చేసుకునేది. కొన్నాళ్లకు అది కుండలో దూరి బయటికి రావడం తగ్గించింది. ఒకరోజు నాయన కుండ దించి చూపిస్తే పొట్టులో చిన్న రేగుపండంత తెల్లటి గుడ్డు ఉంది.

అందరికంటే ఎక్కువ సంబరపడింది అవ్వ. "ఇంట్లో పిట్ట గుడ్డు పెడితే మంచిది. కోడలికి సుఖంగా అయితాది చూడు" అంది. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. అమ్మ లేని ఇంట్లో నాకు వేరే పట్టు లేదు. పిట్ట బాగుంటే అమ్మ బాగుంటుంది. పిల్లలు పుడితే మా ఇంట్లో పాపో బాబో పుడతారు. అవ్వ ఒకసారే అన్న మాటను నేను రోజూ అనుకునేదాన్ని.

మరుసటి రోజో ఆ మరుసటి రోజో రెండో గుడ్డు వచ్చింది. కానీ మొదటి గుడ్డు పగిలి ఉంది. అవ్వ కుండలోకి చాలాసేపు చూసింది. పొద్దున ఈ దారిన ఎవరు పోయారని నన్నడిగింది. పాలు తేవడానికి అత్త పోయిందని చెప్పాను. అవ్వ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదేమో. వంటింటి వైపు తిరిగి మెల్లగా అంది: "అమ్మణ్ణీ, ఇంగ నువ్వు ముందు వాకిట్లో తిరగొద్దమ్మా. పెరటి పక్కనుంచే పో, వస్తా ఉండు."

"సరేమ్మా" అంది అత్త.

అప్పటి నుంచి ఆమె పెరటి తలుపు తీసుకుని, వెనక సందు చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చేది. చంకలో నీళ్ల బిందెతో ఆ బురద సందులో ఆమె నడిచి రావడం నేను వసారాలోంచి చూసేదాన్ని. ఆమె మాత్రం తల తిప్పి పంజరం వైపు చూసేది కాదు.

ఒక పొద్దున చలి మరీ ఎక్కువగా ఉంది. నేను లేచి వెళ్లేసరికి పచ్చపిట్ట కుండలో లేదు. పంజరం అడుగున, ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి కూర్చుంది. తోక కిందికీ పైకీ కొట్టుకుంటోంది. నీలంది పైన అటూ ఇటూ గెంతుతూ అరుస్తోంది. నాయన అప్పటికే డ్యూటీకి పోయాడు. అవ్వను పిలిచాను. ఆమె వచ్చి చూసి, చేతులు ముడుచుకుని నిలబడింది. "ముట్టుకోవద్దు. సుమ్నే, ఊరికే ఉండు. దేవుడు చూసుకుంటాడు" అంది.  అంతే, నాకు ఏడుపు ఆగలేదు. "పిట్ట చచ్చిపోతే అమ్మ కూడా చచ్చిపోతుందా?" అని గట్టిగా అరిచాను.

పెరట్లో బట్టలుతుకుతున్న అత్తకు అది వినిపించింది. ఆమె తడి చేతులతో ఇంటి లోపలినుంచే నడిచి వచ్చి, వసారా గడప దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచే నన్నడిగింది. "పాపా, తోక కొట్టుకుంటా ఉండాదా? ముక్కుతా ఉండాదా?"

అవునన్నాను.

"గుడ్డు అడ్డం పడింది అమ్మా" అంది అవ్వతో. "మా ఊర్లో కోళ్లకు గూడా అయితాది. నేను చూస్తాను."

అవ్వ పంజరానికి అడ్డంగానే నిలబడింది.  అప్పుడు అత్త అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నేను చూసినా చస్తాది, చూడకపోయినా చస్తాది. చూడనీమ్మా."

అవ్వ పక్కకు జరిగింది.

అత్త పంజరం తలుపు తీసి పిట్టను రెండు చేతులతో పట్టుకుంది. అది ఆమె వేలును కసిగా కొరికింది. రక్తం వచ్చింది. ఆమె వదల్లేదు. వంటింట్లో కుంపటి దగ్గర కూర్చుని, పాత చీరముక్క కాచి దానిలో పిట్టను పెట్టుకుంది. నా చేత ఆముదం తెప్పించి, గోరువెచ్చగా చేసి, దూదితో కింద అద్దింది. బట్ట చల్లారినప్పుడల్లా నేను ఇంకో ముక్క కాచి ఇస్తున్నాను. పిట్ట ముక్కినప్పుడల్లా ఆమె వంగి దానితో మాట్లాడేది. "భయపడొద్దు తల్లీ. నేనుండాను. యాడికీ పోను."

అత్త అన్ని మాటలు మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. పిల్లల నోటికి అడ్డేముంటుంది? అడిగేశాను. "నీకూ ఇట్లే నొప్పి వచ్చిందా అత్తా?"

ఆమె నా వైపు చూడలేదు, పిట్ట వైపే చూస్తూ చెప్పింది. "వచ్చింది పాపా. అందరూ తలుపు బయటే ఉండ్రి. ఇంకా కాలేదా, ఇంకా కాలేదా అని అడుగుతా ఉండ్రి. ఎవరన్నా లోపలికొచ్చి చెయ్యి పట్టుకుంటే చాలనిపించింది." పిట్ట చుట్టూ బట్ట సర్ది, "ఆడపిల్ల. ఒక్కసారి చూపించి తీసుకపోయిరి" అంది.

వంటింటి గుమ్మంలో అవ్వ నిలబడి ఉందని అప్పుడు చూశాను. ఎప్పటినుంచి వింటోందో తెలీదు. ఆమె గుమ్మాన్ని పట్టుకుని దానికి ఆనుకుంది. తరువాత, ఎంతో దూరం నుంచి వచ్చిన మనిషిలా అడిగింది. "ఎవరి పోలికే?"

అత్త తలెత్తింది. వచ్చినప్పటి నుంచి ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు. బిడ్డ గురించి మాట్లాడితే ఆమె బాధపడుతుందని నాయన అనేవాడు. బాధ తగ్గాలని అందరం కలిసి ఆ బిడ్డ అసలు పుట్టనట్టే ఉన్నాం.

"నీ పోలికే అమ్మా. ముక్కు అచ్చం నీదే" అంది అత్త.

అవ్వ అక్కడే నేల మీద కూలబడింది. తరువాత మెల్లగా జరుగుతూ వచ్చి కూతురి పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడు ఏడ్చింది అత్త. పిట్టను పట్టుకున్న చేతులు కదలకుండా, భుజాలు మాత్రం కదులుతూ. అవ్వ ఒక మాటే మళ్లీ మళ్లీ అంది. "నేనే వచ్చి పిలుచుకొని పోవాల్సింది అమ్మణ్ణీ. నేనే రావాల్సింది."

మధ్యాహ్నానికి గుడ్డు బయటపడింది. దానికి పెంకే లేదు, తడి కాగితంలాంటి పలుచటి తోలు. పట్టుకుంటే చితికింది. సముద్రపు నురుగు అని తెల్లటి బిళ్ల ఒకటి ఆఫీసరు వాళ్లు పంజరంలో పెట్టి ఇచ్చారు. అది అరిగిపోయాక ఆటబిళ్లే కదా అని మేము మళ్లీ తేలేదు. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం ఆడపిట్టకు దాని నుంచే అందుతుందని ఎన్నో ఏళ్లకు ఒక పశువుల డాక్టరు చెబితే తెలిసింది. అంతే జరిగింది. ఎవరి చూపూ తగల్లేదు.

ఆ సాయంత్రం పిట్ట నాలుగు చుక్కల నీళ్లు తాగింది. నాయన వచ్చి చూసి సంతోషించాడు. కానీ తెల్లవారేసరికి అది పంజరం అడుగున ఒరిగి ఉంది. నీలంది అరవడం కూడా మానేసింది. కుండలో మిగిలిన ఆ ఒక్క గుడ్డు చల్లబడిపోయింది.

నేను ఏడవలేదు.  నాకు పిట్ట కాదు, హిందూపురంలో అమ్మ కనిపిస్తోంది. నాయన పెరట్లో జామచెట్టు కింద గొయ్యి తీస్తుంటే పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది. "మీ అమ్మణ్ణి ముట్టుకునిందంట కదా నిన్న?" అంది అవ్వతో.

అత్త బావి దగ్గరే ఉంది. చేతిలో చేంతాడు ఆగిపోయింది.

"ముట్టుకునింది" అంది అవ్వ. "నా కూతురు ముట్టుకునింది కాబట్టే ఆ గుడ్డు బయటికొచ్చింది. మేమందరం చూస్తా నిలబడితిమి. అదొకతే కూర్చుని ఒళ్లో పెట్టుకునింది." పక్కింటామె తల గోడ వెనక్కి పోయింది. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని, "పిట్ట వేరే, మీ అమ్మ వేరే. నేను ఎర్రిదాన్ని, ఏందో అన్నా. అది మనసులో పెట్టుకోవద్దు" అంది.

కానీ మనసులో పడిన మాట అంత సులభంగా పోదు. హిందూపురం నుంచి కబురు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఒకరోజు అత్త నా పక్కన పడుకుని, నేను మెలకువగా ఉన్నానని గమనించి, "భయంగా ఉండాదా?" అని అడిగింది. ఏమీ కాదులే అని ఆమె అనలేదు. "నాకూ భయంగానే ఉండాది. ఇద్దరం కలిసి ఎదురుచూస్తాంలే" అంది. అందరూ చెప్పిన ధైర్యం కంటే ఆ మాటకే నాకు నిద్ర పట్టింది.

అమ్మకు మగబిడ్డ పుట్టాడు. మూడో నెలలో ఇంటికి వచ్చినప్పుడు అవ్వ దిష్టి తీసి, అమ్మ చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, నేరుగా అత్త దగ్గరికి వెళ్లి ఒడిలో పెట్టింది. అమ్మ ఒక క్షణం తడబడింది, తరువాత తల ఊపింది. అత్త నవ్వలేదు. బిడ్డను బిగుసుకుపోయిన చేతులతో పట్టుకుని, వెంటనే తిరిగి ఇచ్చేసి పెరట్లోకి వెళ్లిపోయింది. బావిలోంచి నీళ్లు తోడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఎవరూ పిలవలేదు. తరువాత ఆమే వచ్చి, చీరకు చేతులు తుడుచుకుని, "ఇట్లియ్యి వదినా" అని చేతులు చాచింది.

నీలం పిట్టను నాయన పక్షులు పెంచే ఒక స్నేహితుడికి ఇచ్చేశాడు. మళ్లీ మా ఇంట్లో పిట్టలను పెంచలేదు. మరుసటి ఏడు మామ, అంటే అత్త భర్త, ఒంటరిగా వచ్చి, తలవంచుకుని అడిగి అత్తను తీసుకెళ్లాడు. ఆమెకు తరువాత ఇద్దరు కొడుకులు. కానీ పుట్టింటికి వచ్చినప్పుడల్లా అవ్వా ఆమే వంటింట్లో కూర్చుని ఆ మొదటి బిడ్డ గురించి మాట్లాడుకునేవాళ్లు. ఉంటే ఇప్పుడు బడికి పోయేది, ఇప్పుడు జడ వేసేదాన్ని, అని. ఆ మాటల్లో ఆ పిల్ల పెరిగింది. ఇప్పుడు అవ్వా అత్తా ఇద్దరూ లేరు.

ఇప్పుడు నేను కొడుకు దగ్గర, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. పోయిన ఏడు ఎదురింటి అమ్మాయికి బిడ్డ దక్కలేదు. గుంటూరు వైపు పిల్ల, ఇక్కడ ఉద్యోగం. చూడటానికి వచ్చినవాళ్లంతా చిన్నదానివే కదా, మళ్లీ పుడతారులే అని చెప్పి వెళ్లారు. ఆ పిల్ల అందరికీ తల ఊపింది. అందరూ వెళ్లాక నేను మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, బిడ్డ ఎట్లా ఉండిందని అడిగాను.  ఆమె దిండు కింద నుంచి ఫోను తీసి, అప్పటిదాకా భర్తకు తప్ప ఎవరికీ చూపించని ఒక్క ఫొటో చూపించింది. కాలివేళ్లు ఎంత పొడుగో చూడండి ఆంటీ, అంది. తరువాత చెప్పడం మొదలుపెట్టింది. నేను తీసుకెళ్లిన చారన్నం చల్లారిపోయింది, బయట చీకటి పడింది, మా కోడలు రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్లింది. నేను లేవలేదు.